నడక కంటే ముందే పుట్టిన నింద

‘పెడెస్ట్రియన్’ అనగానే మనకు రోడ్డు దాటుతున్న మనిషి కళ్ళముందు కదులుతాడు. అదే మాట ఇంగ్లీషు పుస్తక సమీక్షలో కనిపిస్తే మాత్రం, ఆ పుస్తకం రాసినవారికి ఆ పూట అన్నం సహించదు. రచన చప్పగా ఉంది, ఊహకు రెక్కల్లేవు అని అక్కడ దాని అర్థం. ముందు నడక అర్థం వచ్చి, ఆ తర్వాతే దాన్నుంచి ఈ నింద పుట్టి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇంగ్లీషులో జరిగింది దీనికి తలకిందులు. చప్పని రచన అనే అర్థం 1716 నాటికే అచ్చులో ఉంది. కాలినడకన వెళ్ళే అనే అర్థానికి తొలి ఆధారాలు ఆ శతాబ్దం చివరి పదేళ్ళలో గానీ దొరకవు.

కారణం, ఆ మాట వీధిలోంచి కాక లాటిన్ చదువుకున్నవాళ్ళ బల్ల మీద నుంచి రావడం. లాటిన్‌లో ‘పెస్’ అంటే పాదం. మన పాదం, పదాతి కూడా ఆ కుదురులోవే. ‘పెడెస్టర్’ అంటే నడిచి వెళ్ళేది, ‘ఈక్వెస్టర్’ అంటే గుర్రమెక్కి వెళ్ళేది. రోములో గుర్రం అంటే హోదా. ఆశ్వికుల వర్గమని వేరే ఉండేది, అగస్టస్ చక్రవర్తి కాలంలో అందులో చేరాలంటే 4 లక్షల సెస్టర్సుల (రోము నాణేల) ఆస్తి చూపాలి. అంత ఆస్తి లేనివాడు మట్టిలో నడిచే సిపాయి.

ఇలాంటి తేడానే సాహిత్యంలోనూ చూపారు. గ్రీకులు వచనాన్ని ‘పెజోస్ లోగోస్’, అంటే నడిచే మాట, అన్నారు. పద్యం స్వారీ చేస్తుంది, వచనం కాళ్ళీడుస్తుంది అన్నమాట. క్రీస్తుపూర్వం 30 ప్రాంతాల్లో రోము కవి హొరేస్ తన కవితాదేవత కాలినడకన వస్తుందని చెప్పుకున్నాడు. పల్లె ఎలుక, పట్నం ఎలుక కథ ఉన్న కవితలోనే ఆ మాట ఉంది. అది వినయంతో, కొంత మురిపెంతో అన్న మాట. ఇంటి కబుర్లలా సాగే కవిత్వానికి ఆయన పెట్టుకున్న పేరు. ఇంగ్లీషువాళ్ళు మాట తీసుకున్నారు, మురిపెం వదిలేశారు. నాకు బాధ కలిగించేది అదే.

పద్యం స్వారీ, వచనం నడక అన్న పోలిక తెలుగులో నిలవదు. మనకు పాదం ఉన్నది పద్యానికే. పద్యమన్న పేరే పాదంలోంచి వచ్చింది. గద్యమన్నది పలకడమనే ధాతువులోంచి పుట్టింది. అందుకే రచన నడిచి వెళ్తోంది అంటే మన చెవికి తిట్టులా వినపడదు. ‘నడక బాగుంది’ అని మెచ్చుకుంటాం కూడా. తిట్టాలంటే ‘నేలబారు’ అంటాం. అందులో తప్పు పాదానిది కాదు, పైకి లేవని చూపుది.

ఇంగ్లండులో మాత్రం నడకకే మచ్చ ఉండేది. 1782లో కార్ల్ ఫిలిప్ మోరిట్జ్ అనే జర్మన్ రచయిత ఆ దేశాన్ని కాలినడకన చూడాలని బయల్దేరాడు. బండి లేకుండా వచ్చిన మనిషి కదా, సత్రాల్లో అతన్ని దేశదిమ్మరిని చూసినట్టు చూశారు. చోటులేదన్నారు, పనివాళ్ళు సైతం ముఖం తిప్పుకున్నారు. అదంతా అతను తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు.

తర్వాత 8 ఏళ్ళకు, కేంబ్రిడ్జిలో చదువుతున్న 20 ఏళ్ళ విలియమ్ వర్డ్స్‌వర్త్, స్నేహితుడు రాబర్ట్ జోన్స్‌తో కలిసి ఫ్రాన్సు మీదుగా ఆల్ప్స్ కొండలకు నడిచాడు. చేతిలో ఓక్ కర్ర, నెత్తిన బట్టల మూట. సంతకు పోయే మనవాళ్ళలాగే. ఆ అవతారం చూసి దారిలో ఊళ్ళవాళ్ళు నవ్వారని చెల్లెలు డోరతీకి ఉత్తరం రాశాడు. గతిలేక చేసిన నడక కాదది, కొండల్ని దగ్గరగా చూడాలన్న ఆశతో కోరి చేసిన నడక.

ఆ కొండల గురించి రాసిన కవిత్వం 1793లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. దాని పొడవాటి పేరులో ఇవి పద్యంలో రాసిన దృశ్యాలని ఉంది. ఆ వెంటనే, ‘పెడెస్ట్రియన్’ యాత్రలో చూసి రాసినవని ఉంది. గ్రీకులు విడదీసిన పద్యమూ కాలినడకా ఆ పేరులో పక్కపక్కన అచ్చయ్యాయి.