గేటు అవతల ఎవరి పరిధి? పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో శిక్షణకు వెళ్లే విద్యార్థినులు, వేధింపుల ఫిర్యాదు కమిటీలు

పటాన్‌చెరు మీద పరిశోధన అంటే నక్కవాగు నీళ్లు, బొల్లారం పొగ, పరిశ్రమలకు పోయిన భూములు. కళాశాలల్లో లైంగిక వేధింపుల మీద పరిశోధన అంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మహా అయితే ఉస్మానియా. ముత్తంగి దగ్గర తెల్లవారుజామున షిఫ్టు బస్సు కోసం నిలబడే బీఫార్మసీ, డిప్లొమా ఆడపిల్లలు ఈ రెండు లెక్కల్లోనూ లేరు. మెడలో కాలేజీ ఐడీ కార్డు, చేతిలో కంపెనీ గేట్ పాస్. ఏదైనా జరిగితే ఏ కార్డు చూపించి ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలియదు. చెప్పాల్సినవాళ్లూ చెప్పలేదు.

మనవాళ్లంతా మెచ్చుకునే ఒక ప్రయత్నంతోనే నా పేచీ. 2015లో తెలుగు అకాడమీ ప్రచురించిన ద్విభాషా జెండర్ పాఠ్యపుస్తకం ‘టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్’ను జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠంగా పెట్టింది. సూసీ తారు, రమా మేల్కోటే, గోగు శ్యామల, వసుధా నాగరాజ్ వంటివారి కృషి అది. వేధింపును కుర్రకారు సరదాగా కొట్టిపారేసే అలవాటును తరగతి గదిలోనే నిలదీసినందుకు ఆ పుస్తకానికి రుణపడి ఉండాల్సిందే. కానీ వేధింపుల అధ్యాయం అమ్మాయికి ప్రధానంగా నేర్పేది ఎదురు చెప్పడం. బస్టాండులో ఆకతాయికి ఎదురు చెప్పవచ్చు. శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజర్‌కు ఎదురు చెబితే ఆ సెమిస్టర్ గతేమిటి? పాఠం చెబితే చాలు, చైతన్యం దానంతట అదే కమిటీ దాకా నడిచి వస్తుందన్న నమ్మకం ఆ పుస్తకం వెనుక ఉంది. దాని మీద వచ్చిన ప్రశంసా వ్యాసాల్లో ఆ నమ్మకం ఇంకా ముదిరింది. పైగా కళాశాలలకు అదొక సాకుగా దొరికింది: సిలబస్‌లో ఉంది, గోడ మీద ఐసీసీ (అంతర్గత ఫిర్యాదుల కమిటీ) బోర్డు ఉంది, ఇంకేం కావాలి?

ఇప్పుడు శిక్షణ డైరీ సంగతి. బీఫార్మసీ నియమావళి నాలుగు వారాల్లో 150 గంటల పారిశ్రామిక శిక్షణ చెబుతుంది. పాలిటెక్నిక్‌లో ఏకంగా ఒక సెమిస్టరే కంపెనీలో గడుస్తుంది. డైరీలో నాలుగు గళ్లు: తేదీ, విభాగం, చేసిన పని, సూపర్‌వైజర్ సంతకం. క్షేత్ర పరిశీలనలో నా చేతికొచ్చిన ఒక విద్యార్థిని డైరీలో వరుసగా వారం పాటు చివరి గడి ఖాళీగా ఉంది. పని మాత్రం రోజూ రాసింది: నాణ్యతా పరీక్షల (క్యూసీ) ల్యాబులో గాజుసామాను కడగడం, హెచ్‌పీఎల్‌సీ యంత్రం రీడింగులు దింపుకోవడం. సంతకాలేవని అడిగితే, “సార్ క్యాబిన్‌కు ఒక్కదాన్నే రమ్మన్నడు మేడం, నేను పోలే” అంది. కాలేజీ గైడుకు చెప్పిందట. “ఇంకో పది రోజులే కదమ్మా, సర్దుకుపో” అన్నాడట. ఆమె రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. కాబట్టి ఆ కళాశాల వార్షిక నివేదికలో ఫిర్యాదుల సంఖ్య సున్నా. ఆ సున్నాను చూసి మన పరిశోధకులు ‘అవగాహన లోపం’ అని రాస్తారు. అవగాహన లేకనా ఆమె వారం పాటు ఆ గది గడప తొక్కనిది? నన్నడిగితే ఈ ప్రాంతంలో ఖాళీ సంతకాల గళ్లన్నీ ఎవరూ నమోదు చేయని ఫిర్యాదులే.

పరిధి విషయంలో చట్టంలో లోటుందా అంటే, లేదు. 2016 మే 2న గెజిట్‌లో వచ్చిన యూజీసీ నిబంధనలు ఇంటర్న్‌షిప్ జరిగే చోటునూ, రాకపోకలకు సంస్థ పెట్టిన బస్సునూ ప్రాంగణంలో భాగంగానే చూశాయి. సాంకేతిక విద్యాసంస్థలకు ఏఐసీటీఈ అదే ఏడాది విడిగా నిబంధనలిచ్చింది. అటు 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ట్రైనీ, అప్రెంటిస్ కూడా ఉద్యోగులే. బాధితురాలు ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదుకు అడ్డు లేదు. అంటే ఆ పిల్లకు ఒకటి కాదు, రెండు కమిటీలున్నాయి. ఉండి ఏం లాభం? కాలేజీవాళ్లు “అది కంపెనీలో జరిగింది కదా” అంటారు. హెచ్‌ఆర్‌వాళ్లు “ఆమె మీ స్టూడెంట్ కదా” అంటారు. అద్దెకున్నవాళ్లూ ఇంటి ఓనరూ మోటారు రిపేరు ఒకరి మీదికొకరు తోసుకున్నట్టుంది వ్యవహారం.

గడువు సంగతి ఇంకా ఘోరం. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఆరు నెలల శిక్షణలో మొదటి నెలలోనే వేధింపు ఎదురైతే, మార్కులు చేతికొచ్చేదాకా ఆ పిల్ల నోరు మెదపదు. మెదిపేసరికి గడువు దాటిపోతుంది. కారణాలు రాసి కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చన్నది నిజమే, కానీ అదీ కమిటీ దయ మీదే.

మన సమాజం దృష్టి మాత్రం రోడ్డు మీదే ఉంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. రోజుల వ్యవధిలో నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. 2014 అక్టోబరులో వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, వచ్చాయి. వేధించేవాడు బయటివాడు, పట్టుకోవాల్సింది పోలీసు అన్న భావన అప్పటి నుంచీ గట్టిపడింది. సంతకం పెట్టేవాడు ఆ చిత్రంలో లేడు.

పటాన్‌చెరు, పాశమైలారంలో కనిపించిందే జడ్చర్ల, పరవాడ, పైడిభీమవరం వంటి ఔషధ పరిశ్రమల ప్రాంతాల్లోనూ ఉండవచ్చు. కళాశాల వేధింపుల సమస్యను విద్యాశాఖ అంశంగా చూడటమే మౌలికమైన పొరపాటు. అది కార్మిక సమస్య. పక్క బెంచీలో పనిచేసే కాంట్రాక్టు మహిళకు రక్షణ లేని ఫ్లోర్‌లో ట్రైనీకి రక్షణ ఎక్కడిది?

పెద్ద కంపెనీల్లో కమిటీలు సక్రమంగానే నడుస్తున్న చోట్లూ ఉన్నాయి. కానీ పదిమంది కూడా లేని చిన్న యూనిట్లకు జిల్లా స్థానిక కమిటీయే దిక్కు. ప్రతి జిల్లాలో అధికారిని నియమించాలని, 2025 జనవరి 31 నాటికి స్థానిక కమిటీలు ఏర్పాటు కావాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న ఆదేశించింది. ఈ కమిటీలు విద్యార్థినికి అందాలంటే, కళాశాల ఇచ్చే ట్రైనింగ్ లెటర్ వెనుక మూడు కమిటీల ఫోన్ నంబర్లు అచ్చు వేయాలి: కళాశాలది, కంపెనీది, సంగారెడ్డి జిల్లా స్థానిక కమిటీది. డైరీలో సంతకాల అధికారం ఒక్కరి చేతిలో కాక ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు మహిళ కావాలి. సంతకాలు ఆగిన మూడో రోజున కాలేజీ గైడు కంపెనీకి వెళ్లి చూడాలి.