పొందూరులో ఊరు లేదట!

"పొందూరు" అన్న మాటలో "ఊరు" ఉందా? మా అమ్మమ్మనడిగితే "అదేటి ప్రశ్నరా, ఊరు కాకపోతే మరేటి?" అంటుంది. జావానడిగితే మాత్రం "ఫాల్స్" అంటుంది. నమ్మకపోతే కంటెయిన్స్ మెథడ్ రాసి చూసుకోండి.

ఎందుకంటే, 1991లో వచ్చిన యూనికోడులో మన లిపి అమరిక అంతకుముందటి ఇస్కీని (1988) అనుసరించింది. అందులో "ఊ" అచ్చుకి ఒక నంబరు, కొమ్ముదీర్ఘానికి వేరే నంబరు. చెవికి రెండూ ఒకటే, మెషీనుకి కాదు. ఇంకో తమాషా, "రాజాం"లో "రాజ" ఉందా అంటే "ట్రూ" అంటుంది. మన కంటికి అక్కడున్నది "జా"యే అయినా, దానికి "జ" తర్వాత దీర్ఘం విడిగా కనిపిస్తుంది కాబట్టి.

ఒక స్ట్రింగులో ఇంకో స్ట్రింగు ఉందా అన్నది పాత ప్రశ్నే. కనూత్-మోరిస్-ప్రాట్, బోయర్-మూర్ అల్గోరిథంలు రెండూ 1977లోనే అచ్చయ్యాయి. సి భాషకి స్ట్ర్‌స్ట్ర్ ఉంది. జావాలో మాత్రం 2004లో జావా 5 వచ్చేదాకా మనమంతా ఇండెక్స్ఆఫ్ రాసి, మైనస్ ఒకటి వచ్చిందా లేదా అని చూసుకునేవాళ్ళం. పీహెచ్‌పీ వాళ్ళయితే 2020 దాకా ఆగాల్సొచ్చింది. ఇంతమంది ఇన్నేళ్ళు బుర్రలు పెట్టింది ఎంత త్వరగా వెతకాలన్న దాని మీద. దేన్ని వెతకాలన్నది మాత్రం మనకే వదిలేశారు.

అది నాకు తెలిసొచ్చింది 2018 అక్టోబరు 11న. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు. ఊళ్ళో మావాళ్ళ ఫోన్లు కలవడం లేదు. "శ్రీకాకుళం" అన్న మాటున్న వార్తలన్నీ ఏరిపెట్టమని ఒక చిన్న ప్రోగ్రాం రాసి కూర్చున్నాను. పెద్దగా ఏమీ రాలేదు. కాసేపయ్యాక చూసుకుంటే, "శ్రీకాకుళానికి సాయం", "శ్రీకాకుళాన్ని ఆదుకోండి" లాంటివన్నీ జారిపోయాయి. సున్నా పోయి దీర్ఘం వచ్చింది కదా, కంటెయిన్స్ కాదంది. దాని తప్పేం లేదు, తప్పు నాది. వార్తలు లేవనుకుని ఊరుకున్నానే, అదీ ఇప్పటికీ గుచ్చుకునే విషయం.

ఇందులో ఒక చరిత్ర కూడా ఉంది. గ్రాంథికంలో అయితే విజయనగరము, విజయనగరమునకు, విజయనగరములో. "విజయనగరపు" లాంటివి తప్పిస్తే, "విజయనగరము" అని వెతికితే దాదాపు అన్నీ దొరికేస్తాయి. వాడుకలో అయితే విజయనగరం, విజయనగరానికి, విజయనగరాన్ని. ఆ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. "కన్యాశుల్కం" 1892లో మొదట ఆడిందీ, గురజాడ ఉన్నదీ విజయనగరంలో. అంటే నా ప్రోగ్రాముని తికమక పెట్టింది మా జిల్లాల పెద్దమనుషులేనన్నమాట! అయితే వాళ్ళు గెలవబట్టే నేనీ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నాను. కంప్యూటరుకి సుఖమని భాషని వెనక్కి తిప్పలేం కదా.

పోనీ సున్నా తీసేసి "విజయనగర" అని వెతికితే? 1757 బొబ్బిలి యుద్ధంతో పాటు 1565 తళ్ళికోట యుద్ధం కూడా వచ్చి కూర్చుంటుంది, హంపీ విజయనగరం పుణ్యమా అని. "శ్రీకాకుళ" అంటే కృష్ణా జిల్లా శ్రీకాకుళం వస్తుంది. రాయలవారికి ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి "ఆముక్తమాల్యద" రాయమన్నాడని చెప్పుకునే ఊరది. రెండు పేర్లకీ రాయలవారే అడ్డం! పోనీ ఇంగ్లీషు రికార్డుల్లో చూద్దామంటే, దొరల కాలంలో శ్రీకాకుళం "చికాకోల్". ఆ పేరులో ఏ ముక్క పట్టుకుని వెతుకుతారు?

ఇప్పుడు నేను చేసేదేంటంటే, ఒక్కో ఊరికీ విభక్తి రూపాలు, పాత పేర్లు కలిపి ఒక పట్టిక పెట్టుకుని వెతకడం, పక్కన జిల్లా పేరో మండలం పేరో ఉందేమో చూడడం. పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలంతే. తెలుగు వెతికే ప్రోగ్రాం రాసేవాళ్ళకి నాదొకటే మనవి. టెస్ట్ కేసుల్లో "శ్రీకాకుళం" ఒక్కటే పెట్టకండి, "శ్రీకాకుళానికి" కూడా పెట్టండి. ఫాల్స్ వచ్చినంత మాత్రాన అక్కడ ఊరు లేనట్టు కాదు.