గనుల యూరి హాకీ జట్టు

కెనడా దేశమున మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రముల సరిహద్దుపై, మురుగుగొట్టములను పూడ్చుటకైనను లొంగని కఠినశిలలపై, రాగి, జింకు గనుల నాశ్రయించి వెలసిన ఫ్లిన్ ఫ్లాన్ పట్టణమున 1927లో బాంబర్స్ అను మంచుహాకీ జట్టు జన్మించినది. గనుల కంపెనీ ఆటగాండ్రకు జీవనోపాధి కల్పించి పోషించుటచేతనే, మహానగరములకు సుదూరమైన యీ చిన్న పట్టణము 1957లో ఒట్టావా కెనేడియన్స్‌ను ఏడాటల పోరున జయించి, యువజట్లకు పరమలక్ష్యమైన మెమోరియల్ కప్పును గైకొనగలిగెనని నా యభిప్రాయము.

ఆ యూరనే 1949లో పుట్టి, బాల్యముననే మధుమేహపీడితుడైన బాబీ క్లార్క్, ఈ జట్టున ఎంత రాణించినను, ఆ వ్యాధిని జూచి వృత్తిహాకీ పెద్దజట్లు వెనుదీయగా, 1969లో కొత్త ఆటగాండ్ర యెంపికలో పదునేడవవాడుగా ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టున చేరి, నాయకుడై 1974, 1975లలో వృత్తిహాకీ పరమలక్ష్యమైన స్టాన్లీ కప్పును సాధించెను; వ్యాధిభీతిచే నతనిని విడిచిన వారి వివేకమును గూర్చి వేరుగ జెప్పనేల?

1978లో యువజట్ల పెద్ద లీగునందలి బాంబర్స్ జట్టు ఎడ్మంటన్‌కు తరలిపోయినది. బాంబర్స్ నామము మాత్రము చిన్న లీగులలో నిలిచినది. క్రీడాప్రాంగణము మానిటోబాలో నున్నను, నేడు వారాడునది సస్కాచెవాన్ లీగున.