‘సతీ అనసూయ’ బాలనటీమణులు: రెండు సంస్థానాలు, రెండు ఉత్తరజీవితాలు

1936లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో ‘సతీ అనసూయ’, ‘ధ్రువవిజయం’ అనే రెండు చిన్న చిత్రాలు ఒకే టిక్కెట్టుపై ప్రదర్శితమయ్యాయి. పాత్రధారులందరూ పిల్లలే కావడం వీటి విశేషం. తెలుగు టాకీ పుట్టి అప్పటికి నాలుగేళ్ళే. ‘సతీ అనసూయ’లో అనసూయ వేషం వేసిన కృష్ణవేణికి పదకొండేళ్ళు. గంగ వేషం వేసిన బాలసరస్వతికి ఏడెనిమిదేళ్ళు. ఈ ఇద్దరూ 2025లో ఎనిమిది నెలల తేడాతో హైదరాబాదులో కన్నుమూశారు. కృష్ణవేణి ఫిబ్రవరి 16న నూరేళ్ళు నిండాక, రావు బాలసరస్వతీదేవి అక్టోబరు 15న తొంభై ఏడేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. తొమ్మిది దశాబ్దాల దూరంలో ఉన్న ఈ రెండు కొసల మధ్య ఇద్దరి జీవితాలు ఒకే రకమైన మలుపు తిరిగి, ఆ మలుపు దగ్గరే విడిపోయాయి. ఇద్దరూ జమీందారుల ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్ళారు. ఒకరికి ఆ ఇల్లు స్టూడియో అయింది. మరొకరికి రాణివాసం అయింది. ఈ భేదానికి కారణాన్ని వ్యక్తుల స్వభావాలలో వెదకడం వాడుక. సంస్థానాల ధనం ఏ దారిన ప్రవహించిందన్న ప్రశ్నతో మొదలుపెడితే ఇంకొంత స్పష్టమైన సమాధానం దొరుకుతుంది.

బాలల చిత్రమన్న ఆలోచన పుల్లయ్యకు ఆకస్మికంగా కలిగింది కాదు. ‘లవకుశ’ (1934) విజయంలో ఇద్దరు పిల్లల పాత్రలకు ఎంత వాటా ఉందో ఆయనకు తెలుసు. కాకినాడ కేంద్రంగా పెరిగిన ఆయనకు గోదావరి జిల్లాల రంగస్థలంపై పద్యం, పాట నేర్చిన పిల్లలు ఎక్కడ దొరుకుతారో కూడా తెలుసు. కృష్ణవేణి 1924 డిసెంబరు 24న పశ్చిమగోదావరి ప్రాంతంలోని పంగిడిలో జన్మించి, చిన్ననాడే నాటకాలలోకి వచ్చారు. బాలసరస్వతి 1928 ఆగస్టు 29న జన్మించి, ఆరేళ్ళ ప్రాయంలోనే గ్రామఫోను రికార్డుకు పాడారు. అదే 1936లో రాజమహేంద్రవరంలోని దుర్గా సినీటోన్ వారి ‘సంపూర్ణ రామాయణం’లో బాలసీతగా మరొక గోదావరి బాలిక, పెంటపాడుకు చెందిన పుష్పవల్లి తెరకెక్కారు. ఆ ఒక్క సంవత్సరమే ముగ్గురు బాలికలను తెలుగు సినిమాకు ఇచ్చింది. అప్పటికి నేపథ్యగానం లేదు. తెరపై కనిపించే పిల్లే మైకు ముందు పాడాలి. కాబట్టి బాలనటి అంటే అప్పటి అర్థంలో మొదట గాయని, ఆ తరువాతే నటి.

బాలనటుల సంపాదన ఎవరిదన్న ప్రశ్నను ఆనాటి మన సమాజం అడగలేదు. అమెరికాలో జాకీ కూగన్ అనే బాలనటుడు పెద్దయ్యాక తన సంపాదన తల్లి, సవతి తండ్రి చేతుల్లో కరిగిపోయిందని కోర్టుకెక్కిన ఫలితంగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. భారతదేశంలో బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ సైతం సినిమాలలో నటించే పిల్లలను షరతులతో మినహాయించింది. చట్టం లేని చోట బాలనటి భవిష్యత్తును నిర్ణయించేది కుటుంబం, ఆ తరువాత వివాహం. వీరిద్దరి విషయంలో వివాహం పాత్ర నిర్ణాయకమైనది.

కృష్ణవేణి ‘కచదేవయాని’ (1938)తో కథానాయికగా నిలదొక్కుకొన్నారు. అప్పటికి ఆమె పదమూడు పద్నాలుగేళ్ళ బాలిక. తరువాత ఆమె వివాహమాడిన మీర్జాపురం రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు చిత్రనిర్మాత. నూజివీడు ప్రాంతపు జమీందారీ కుటుంబాలు తమ రాబడిలో కొంత భాగాన్ని మద్రాసులోని చిత్రపరిశ్రమకు మళ్ళించిన కాలమది. చల్లపల్లి రాజా సారథి ఫిలిమ్స్‌కు వెన్నుదన్నుగా నిలిచి ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) రావడానికి కారకులైతే, మీర్జాపురం రాజా జయా ఫిలిమ్స్, శోభనాచల సంస్థల ద్వారా పరిశ్రమలో స్థిరపడ్డారు. శోభనాచల అన్న పేరు నూజివీడు చేరువనున్న ఆగిరిపల్లి కొండమీది నృసింహస్వామిది. సంస్థానం తన దైవాన్ని కూడా మద్రాసుకు తీసుకువెళ్ళిందన్నమాట.

ఇక్కడొక విషయం గమనించవలసి ఉంది. జమీందారీ గృహంలో స్త్రీ బయటికి రావడమే అరుదైన రోజుల్లో, వివాహానంతరం కూడా కృష్ణవేణి తెరపై కొనసాగారు. సి. పుల్లయ్య దర్శకత్వంలోనే వచ్చిన ‘గొల్లభామ’ (1947)లో ఆమె ప్రధాన పాత్ర ధరించారు. పెద్దాపురం నుంచి కాకినాడ నాటకరంగం మీదుగా వచ్చిన అంజలీదేవికి చిత్రసీమలో గుర్తింపు తెచ్చింది కూడా ఈ చిత్రమే. తరువాతి ‘కీలుగుఱ్ఱం’ (1949) చిత్రానికి మీర్జాపురం రాజాయే దర్శకనిర్మాత. ఆ చిత్రం పాటల్లో కృష్ణవేణి గొంతు వినిపిస్తుంది. అంటే ఆమె నటన, గానం ఇంటి వెలుపలి పనులు కావు. స్టూడియోయే ఇల్లు అయినప్పుడు నటించడం గడప దాటడం కాదు. ఆమెకు లభించిన స్వేచ్ఛ వెనుక ఈ ఆర్థిక వాస్తవం ఉంది. ఇలా అనడం ఆమె ప్రతిభను తగ్గించడం కాదు. ఆ ప్రతిభకు చోటు ఎలా దొరికిందో చెప్పడమే.

1949 నవంబరులో విడుదలైన ‘మనదేశం’ ఆమె నిర్మాతగా చేసిన పని. శరత్‌చంద్రుని ‘విప్రదాస్’ నవల ఆధారంగా, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో, స్వాతంత్ర్యోద్యమం నేపథ్యంగా తయారైన చిత్రమిది. చిత్తూరు నాగయ్య, సి.హెచ్. నారాయణరావు, కృష్ణవేణి ముఖ్య పాత్రధారులు. సంగీతం ఘంటసాల. పోలీసు ఇన్‌స్పెక్టరుగా చిన్న పాత్రలో నందమూరి తారక రామారావు తొలిసారి తెరపై కనిపించారు. ఆ పాత్ర నిడివి తక్కువ. అయినా తరువాతి చరిత్ర ఆ చిత్రాన్నే కాక నిర్మాతను కూడా ఆ పాత్ర చాటుకు నెట్టింది. కృష్ణవేణిని పరిచయం చేసే ప్రతి వాక్యమూ ఎన్.టి.ఆర్.ను పరిచయం చేసిన నిర్మాతగానే మొదలవుతుంది. ఆమె నటించిన ‘లక్ష్మమ్మ’ (1950) ప్రస్తావన అరుదు. త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి పోటీగా అదే సంవత్సరం అదే కథతో ప్రతిభా సంస్థ ‘శ్రీ లక్ష్మమ్మ కథ’ తీసింది. అందులో లక్ష్మమ్మ అంజలీదేవి. ‘గొల్లభామ’లో కలిసి నటించిన ఇద్దరు మూడేళ్ళకే ఒకే కథకు ఎదురెదురుగా నిలిచారు. 1957లో కృష్ణవేణి నిర్మించిన ‘దాంపత్యం’ ద్వారా రమేష్ నాయుడు తెలుగు సినిమాకు సంగీత దర్శకుడయ్యారు. అంటే ఆమె నిర్మాణంలో తెరపైకి వచ్చిన కొత్తవారు ఒక్క నటుడే కాదు.

బాలసరస్వతి మార్గం మొదట్లో ఇంతకంటె వేగంగా సాగింది. తమిళ ‘తుకారాం’ (1938)లో బాలపాత్ర, గూడవల్లి రామబ్రహ్మం ‘ఇల్లాలు’ (1940)లో సాలూరి రాజేశ్వరరావు సరసన పాత్ర, ఆయనతో కలిసి పాడిన లలితగీతాల రికార్డులు ఆమె పేరును తెలుగునాట నిలబెట్టాయి. ‘భాగ్యలక్ష్మి’ (1943)లో కమలా కోట్నీస్‌కు ఆమె పాడిన పాట తెలుగులో తొలి నేపథ్యగానంగా గుర్తింపు పొందింది. సంగీతం భీమవరపు నరసింహారావు. దీన్ని ఒక సాంకేతిక ఘట్టంగానే చెప్పి వదిలేయడం పరిపాటి. కాని నేపథ్యగానం స్త్రీ జీవితంలో తెచ్చిన మార్పు సాంకేతికతకు మించినది. అది గొంతును శరీరం నుంచి వేరు చేసింది. గాయని కనిపించకుండానే వినిపించవచ్చు.

మరుసటి ఏడే ఈ మార్పు ఆమె స్వంత జీవితంలో ఎందుకు అవసరమయిందో తెలుస్తుంది. 1944లో, పదహారేళ్ళైనా నిండని బాలసరస్వతికి కొలంక రాజాతో వివాహమయింది. ఆ తరువాత నటన క్రమంగా ముగిసింది. గొంతు మాత్రం కొంతకాలం బయటికి వస్తూనే ఉంది. ‘షావుకారు’ (1950)లో షావుకారు జానకికి పాడినవారు ఆమె. ‘దేవదాసు’ (1953)లో క్షేత్రయ్య పదం పాడినవారూ ఆమే. ఘోషా ఇంటిలోని వ్యక్తి ఊరంతా వినే పాట పాడడం పాత కచేరీ పద్ధతిలో ఊహకు అందని విషయం. రికార్డింగు థియేటరు ఆ వెసులుబాటును కల్పించింది. అయితే ఆ వెసులుబాటుకూ హద్దు ఉండింది. 1950 దశకం గడిచేకొద్దీ ఆమె పాటలు తగ్గిపోయాయి. భర్తకు ఇష్టం లేక సినిమా పాటలు మానుకొన్నానని వార్ధక్యంలో ఆమె చెప్పుకొన్నారు. నేపథ్యగానంలో సుశీల, లీల, జిక్కి వంటి కొత్త గొంతులు స్థిరపడుతున్న దశకమిది. పరిశ్రమకు ఆమె లోటు కనబడలేదు. లోటు ఆమెకు మాత్రమే మిగిలింది.

కొలంక కోనసీమకు గౌతమి ఆవలి ఒడ్డున, కాకినాడ ప్రాంతంలో ఉంది. ఆ సంస్థానం పేరు నేటికీ వినిపించేది ఒక పోలో కప్పు వల్ల. భారత పోలో సంఘానికి 1936లో బహూకరించిన ఆ వెండి కప్పు ఎత్తు సుమారు ఆరడుగులు. ప్రపంచంలోని క్రీడాబహుమతులలో అతి పెద్దదిగా అది పేరు పొందింది. ‘సతీ అనసూయ’ విడుదలైన సంవత్సరమే ఆ కప్పు సంవత్సరం కూడా కావడం యాదృచ్ఛికమే. కాని ఆ యాదృచ్ఛికత ఒక తేడాను కళ్ళకు కడుతుంది. కొలంక తన వైభవాన్ని గుర్రాల మీద, క్రీడల మీద వెచ్చించింది. మీర్జాపురం ఫిల్ము మీద వెచ్చించింది. జమీందారు పెట్టుబడి స్టూడియోలో ఉన్నప్పుడు భార్య నటి కావడం ఆ పెట్టుబడికి ఆస్తి. పెట్టుబడి వేరే చోట ఉన్నప్పుడు అదే నటన కుటుంబ గౌరవానికి భంగం. బాలసరస్వతి మౌనాన్ని వ్యక్తిగతమైన త్యాగంగా కీర్తించడం, కృష్ణవేణి వ్యాపారదక్షతను వ్యక్తిగతమైన ధైర్యంగా కీర్తించడం, రెండూ ఈ పునాదిని మరుగుపరుస్తాయి. అయినా ఈ వివరణ పూర్తి వివరణ కాదు. రెండు ఇళ్ళలోనూ నిర్ణయాధికారం పురుషుడిదే. ఒక చోట ఆ అధికారం అనుకూలించింది, మరొక చోట అడ్డుకొంది.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారీల ఆదాయం ఆగింది. ఈ చట్టం ఆంధ్ర సమాజంపై చూపిన ప్రభావాన్ని భూసంబంధాల కోణంలో చాలామంది పరిశీలించారు. చిత్రపరిశ్రమలోనూ దాని పర్యవసానం ఉంది. భూమి రాబడి వెనుక లేని నిర్మాత పంపిణీదారుల అడ్వాన్సుల మీద ఆధారపడక తప్పదు. శోభనాచల స్టూడియో కొన్నాళ్ళకు చేతులు మారి వీనస్ స్టూడియో అయింది. ‘దాంపత్యం’ తరువాత కృష్ణవేణి పేరు నిర్మాతల వరుసలో అంతగా కనిపించదు. ఆమె కుమార్తె అనూరాధాదేవి తరువాతి కాలంలో నిర్మాత అయ్యారు. అమ్మ పని బిడ్డకు సంక్రమించడం తెలుగు సినిమాలో అరుదైన సంగతి. వారసత్వం అంటే మనకు అలవాటైనది తండ్రీకొడుకుల వరుసే.

1974లో కొలంక రాజా మరణించారు. ఐదేళ్ళకు, 1979లో, విజయనిర్మల దర్శకత్వంలో వచ్చిన ‘సంఘం చెక్కిన శిల్పాలు’లో బాలసరస్వతి తిరిగి పాడారు. ఒక స్త్రీ దర్శకత్వం వహించిన చిత్రంలో ఆ పాట రావడం గుర్తుంచుకోదగినది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఇరవయ్యేళ్ళ నిశ్శబ్దం తరువాత ఒక గొంతు పూర్వస్థానాన్ని పొందడం సాధ్యం కాదు. ఆమె కూడా పొందలేదు. పాత రికార్డులను కాపాడుకొన్న శ్రోతలు, ఆకాశవాణి అభిమానులు ఆమెను లలితసంగీతానికి ఆద్యురాలిగా నిలబెట్టుకొన్నారు. తరువాతి సత్కారాలన్నీ ఆ పాత పాటలకు జరిగినవే.

వార్ధక్యంలో ఇద్దరి జీవితాలూ మళ్ళీ ఒక చోటికి చేరాయి. ఇద్దరినీ సాక్షులుగా పిలిచారు. 1930 దశకపు తెలుగు టాకీలలో అత్యధిక భాగం నేడు ప్రతులు లేని చిత్రాలు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే నైట్రేట్ ఫిల్ము చాలావరకు కాలిపోయింది, కుళ్ళిపోయింది, కొంత వెండి కోసం కరిగించబడింది. ప్రతి లేని చోట మనిషి జ్ఞాపకమే ఆధారం. అందువల్ల తొంభై ఏళ్ళు దాటిన ఈ స్త్రీలు పరిశోధకులకు, పాత్రికేయులకు జీవించి ఉన్న దస్తావేజులయ్యారు. అయితే వారిని అడిగిన ప్రశ్నలు చాలావరకు వారి గురించి కావు. కృష్ణవేణిని రామారావు గురించి, ఘంటసాల గురించి అడిగారు. బాలసరస్వతిని రాజేశ్వరరావు గురించి, తొలి నేపథ్యగానం గురించి అడిగారు. పదకొండేళ్ళ పిల్ల కలకత్తాలో షూటింగు రోజులు ఎలా గడిపింది, ఏడేళ్ళ పిల్లకు రాత్రిపూట ఎవరు అన్నం పెట్టారు, అందిన డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది, చదువు ఏమయింది వంటి ప్రశ్నలు అడిగినవారు తక్కువ. బాలనటుల చరిత్ర రాయడానికి కావలసిన సామగ్రి ఆ ప్రశ్నలలోనే ఉండింది.

కృష్ణవేణికి 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్ళు. ‘మనదేశం’ విడుదలై డెబ్బయి అయిదేళ్ళయిన సందర్భంగా 2024 డిసెంబరులో విజయవాడలో జరిగిన ఉత్సవంలో ఆమెను సత్కరించారు. ఆ నెలలోనే ఆమెకు నూరేళ్ళు నిండాయి. ఉత్సవం మాత్రం ఆ చిత్రంలో చిన్న పాత్ర ధరించిన నటుడిది. రెండు నెలలు తిరక్కుండానే ఆమె వెళ్ళిపోయారు. పత్రికల శీర్షికలలో అధిక భాగం అదే వరుసలో, ఎన్.టి.ఆర్. పేరుతో మొదలయ్యాయి. అక్టోబరులో బాలసరస్వతి మరణవార్త వచ్చినప్పుడు శీర్షికలు తొలి నేపథ్యగాయనిగా ఆమెను స్మరించాయి. ‘సతీ అనసూయ’లో అనసూయగా, గంగగా ఒకే చిత్రంలో కనిపించిన ఇద్దరు పిల్లలలో రెండవవారు కూడా ఆ సంవత్సరమే వెళ్ళిపోయారన్న సంగతి మాత్రం ఆ శీర్షికలకు ఎక్కలేదు.