అరుగు, నీడ, నీరు: మధుర నాయకుల కట్టడాలు చెప్పే శాంతి పాఠం

కూడు, గుడ్డ, గూడు మానవ జీవితానికి మూడు ఆధారాలని పెద్దలు చెబుతారు. మొదటి రెండింటిలోని మంచిచెడ్డలు మనిషికి వెంటనే తెలుస్తాయి. రుచి చెడిన అన్నాన్ని పక్కకు నెడతాడు. ఒంటికి ఇమడని బట్టను విప్పివేస్తాడు. గూటి విషయంలో మాత్రం అంత జాగ్రత్త కనబడదు. గాలి చొరని గదిలో, నీడ లేని వాకిట ఏళ్ల తరబడి గడుపుతూ, అందువల్ల కలిగిన చికాకును భార్య మీదనో, బిడ్డల మీదనో, పొరుగువాని మీదనో చూపుతాడు. కట్టడానికి, మనశ్శాంతికి గల ఈ సంబంధాన్ని పూర్వులు గ్రహించారనడానికి నిదర్శనాలు దూర దేశాలలో వెదకనక్కరలేదు. మధుర సీమలోనే అవి పుష్కలంగా ఉన్నాయి.

విజయనగర ప్రభువుల ప్రతినిధిగా వచ్చిన విశ్వనాథ నాయకుడు సుమారు 1529లో మధుర పాలనను చేపట్టాడు. ఆ కాలంలోనూ, ఆ తరువాతనూ అనేక తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. మధురకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, దిండిగల్లు దారిలో, సిరుమలై కొండల ఛాయలో ఉన్న వాడిపట్టి కూడా ఆ తెలుగు పలుకు వినిపించే ఊళ్లలో ఒకటి. ఇంట తెలుగు, వీధిలో తమిళం ఇక్కడి జీవన విధానం. ఈ రెండు భాషలూ కలుసుకునే చోటు ఇంటి ముందరి అరుగు. తమిళులు దానిని తిణ్ణై అంటారు, తెలుగువారు తిన్నె అని కూడా అంటారు. అరుగు ఇంటివారిదే అయినా దారిన పోయేవారందరికీ ఆసనం. బాటసారి అనుమతి అడగకుండానే దానిమీద కూర్చుంటాడు. ఇంటి ఇల్లాలు ఎవరని అడగకుండానే మంచినీళ్లు ఇస్తుంది. తన స్థలంలో మూడడుగులు పరులకు విడిచిపెట్టడమే అరుగులోని ధర్మం. నాయక రాజుల కాలపు కట్టడాలలో మంచివన్నీ ఈ అరుగు ధర్మానికి విస్తృత రూపాలే.

మధుర నగర నిర్మాణమే ఇందుకు మొదటి ఉదాహరణ. మీనాక్షీ సుందరేశ్వరుల ఆలయం నడుమ ఉండగా దాని చుట్టూ చతురస్రాకారంలో వీధులు ఒకదాని వెలుపల ఒకటి అమరి ఉన్నాయి. ఆలయ ప్రాకారం లోపల ఆడి వీధులు, వెలుపల చిత్తిర వీధులు, తరువాత ఆవణి మూల వీధులు, ఆపైన మాసి వీధులు. తమిళ మాసాల పేర్లే వీధుల పేర్లు. ఊరికి కొత్తగా వచ్చినవాడు సైతం గోపురాలను చూసి తానెక్కడ ఉన్నాడో తెలుసుకోగలడు. దారి తప్పుతాననే భయం లేనిచోట మనస్సు సగం కుదుటపడుతుంది. ఆ విశాలమైన వీధులు దేవుని రథం కదలడానికి ఏర్పడినవి; రథానికి చోటిచ్చిన వీధి జనానికీ చోటిచ్చింది.

1623 నుండి 1659 వరకు పాలించిన తిరుమల నాయకుడు ఈ వంశంలో గొప్ప నిర్మాత. ఆయన నిర్మాణాలలో రెండింటిని పక్కపక్కన నిలిపి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. మొదటిది 1636లో నిర్మితమైన మహలు. దాని స్తంభాల స్థూలత్వం, సున్నపు పూత నునుపు, స్వర్గవిలాసంలోని కమానుల ఎత్తు చూచేవారిని నిశ్చేష్టులను చేస్తాయి. అది ప్రభువు ఎదుట ప్రజ చిన్నబోవడానికి కట్టిన భవనం. రెండవది 1645లో ఏర్పడిన వండియూరు మారియమ్మన్ తెప్పకుళం. మహలు ఇటుకల కోసం మట్టి తవ్విన పల్లమే ఈ కోనేరు అయినదని ప్రతీతి. సుమారు 16 ఎకరాల విస్తీర్ణం, నాలుగు దిక్కులా మెట్లు, నడుమ మంటపం, వైగై నది నుండి నీరు తెచ్చే భూగర్భ కాలువలు దాని విశేషాలు. తై మాసపు పున్నమినాడు అక్కడ తెప్పోత్సవం జరుగుతుంది.

కాలం ఈ రెండింటికీ వేర్వేరు తీర్పులు చెప్పింది. మహలులోని అధిక భాగాన్ని తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడే విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడు. నేడు మిగిలినది నాలుగవ వంతు మాత్రమే. అదైనా పంతొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు చేయించిన మరమ్మతుల వలన నిలిచింది. తెప్పకుళాన్ని విప్పి ఎవరూ తీసుకుపోలేదు. కాలువలు పూడుకొనిపోయి అది కొన్ని దశాబ్దాలు ఎండిన మాట నిజమే. ఆ రోజులలో పిల్లలు దాని అడుగున క్రికెట్ ఆడుకున్నారు. అయినా ఇటీవలి సంవత్సరాలలో కాలువను బాగుచేయగా నీరు తిరిగి వచ్చింది, దానితో పాటు సాయంకాలం మెట్లమీద కూర్చునే జనమూ తిరిగి వచ్చారు. అందరిదైన దానిని బాగుచేయడానికి ఏ తరంలోనైనా ఎవరో ఒకరు పూనుకుంటారు.

స్థలంతో పాటు కాలాన్ని కూడా తీర్చిదిద్దిన ఘనత తిరుమల నాయకునికే దక్కుతుంది. మాసి మాసంలో జరిగే మీనాక్షీ కల్యాణాన్ని చిత్తిర మాసానికి మార్చి, అళగర్ స్వామి వైగైలో దిగే ఉత్సవంతో ఆయన కలిపాడని చెబుతారు. అంతకు పూర్వం అళగర్ నదిలో దిగే వేడుక వాడిపట్టికి చేరువలోని శోళవందాన్ ప్రాంతపు తేనూరులో జరిగేదని ఐతిహ్యం. కోతలు ముగిసిన వేళ శైవులు, వైష్ణవులు, నగరవాసులు, పల్లెవాసులు ఒకే నదీ తీరాన కలుసుకొనే ఏర్పాటు ఇది. స్వామి వచ్చే దారి పొడవునా మంటపాలు, పందిళ్లు, చలివేంద్రాలు వెలుస్తాయి. ఒక్కొక్క కులం వారికి ఒక్కొక్క మంటపం ఉన్నా, దారి అందరిదీ ఒక్కటే.

రాణి మంగమ్మ ఈ ధర్మాన్ని మరింత దూరం తీసుకువెళ్లింది. 1689 నుండి మనుమని పక్షాన రాజ్యభారం వహించిన ఆమె పేరు కోటలకంటె బాటలకు, సత్రాలకు, చెట్లకు, బావులకు ఎక్కువగా ముడిపడి ఉంది. మధుర నుండి కన్యాకుమారి వైపు సాగిన దారిని నేటికీ మంగమ్మాళ్ శాలై అంటారు. మధుర రైలు స్టేషనుకు ఎదురుగా ఉన్న సత్రం ఆమె పేరుతోనే ప్రసిద్ధం. ఊరి మొత్తానికి అరుగు వేస్తే అది సత్రమవుతుంది. ఆ అరుగునే దారి పొడవునా పరిస్తే చెట్ల నీడ అవుతుంది.

అయితే ఈ చరిత్రలో మరుగుపరచరాని చీకటి కూడా ఉన్నది. తిరుమల నాయకుని చివరి రోజులలో మైసూరుతో జరిగిన పోరు, ఇరుపక్షాలూ శత్రువుల ముక్కులు కోసిన యుద్ధంగా చరిత్రకెక్కింది. కోనేరు తవ్వినంత మాత్రాన క్రౌర్యం ఆగలేదు. అంతకంటె దీర్ఘకాలం సాగిన మరొక అన్యాయం గడపకు సంబంధించినది. అంత చక్కగా అమరిన ఆలయంలోకి నాడు అస్పృశ్యులుగా ఎంచబడిన వారికి, నాడారులకు ప్రవేశం లేదు. తెలుగు మాట్లాడే అరుంధతీయులదీ అదే గతి. ఇంటి అరుగు కూడా వారికి ఆసనం కాలేదు. 1939 జూలై 8న ఎ. వైద్యనాథయ్యరు నాయకత్వాన కక్కన్ మొదలైనవారు మీనాక్షీ ఆలయంలో అడుగుపెట్టినప్పుడు ఆ గడపకు అర్థం మారింది. అక్కడ ఒక్క రాయినీ కదిలించలేదు. అయినా కట్టడం అప్పుడే పూర్తి అయినదనాలి. ఎవరినో బయట నిలిపి లోపలివారు అనుభవించే నిశ్శబ్దం శాంతి కాదు.

మహాత్మాగాంధీ 1921 సెప్టెంబరు 22న కొల్లాయి ధరించాలని నిశ్చయించుకొని అమలుపరచినది మధుర మాసి వీధిలోనే. ఆయన స్మారకానికి ఈ నగరంలో లభించిన స్థానమూ గమనింపదగినది. రాణి మంగమ్మ వేసవి విడిది అయిన తముక్కం మహలు ఒకప్పుడు ఉత్సవాలను, జంతువుల పోరాటాలను తిలకించే చోటు. తమగము అనే తెలుగు మాట నుండి ఆ పేరు వచ్చిందని అంటారు. ఆంగ్లేయుల కాలంలో అది కలెక్టరు నివాసం. 1955లో ప్రభుత్వం దానిని గాంధీ స్మారక నిధికి అప్పగించగా, 1959 ఏప్రిల్ 15న జవహర్లాల్ నెహ్రూ అక్కడ గాంధీ మ్యూజియంను ప్రారంభించారు. పోరాటాలు చూచిన ఎత్తరుగుమీద నేడు అహింసా చరిత్రను పిల్లలు నడుస్తూ చదువుకుంటారు. కట్టడం స్వభావం కట్టిననాడే ముగియదని, వాడుకను బట్టి అది మారగలదని తముక్కం చెబుతున్నది.

పూర్వులు అనుభవంతో తెలుసుకున్నదానిని ఆధునిక శాస్త్రం కొలిచి చూపింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్నవారి వివరాలను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి 1984లో ప్రకటించాడు. కిటికీలోంచి చెట్లు కనబడే గదులలోని 23 మంది, ఇటుక గోడ మాత్రమే కనబడే గదులలోని 23 మందికంటె త్వరగా ఇళ్లకు వెళ్లారు; తీవ్రమైన నొప్పి మందులు కూడా వారికి తక్కువగా అవసరమయ్యాయి. రోగికి మేలు చేసిన చెట్టు విద్యార్థికి చేయదా?

జూబ్లీ జరుపుకునే ప్రతి పాఠశాలకూ కొత్త గదులు కట్టాలనే ఉత్సాహం సహజం. దాతలు ముందుకు వస్తారు, శిలాఫలకాలు సిద్ధమవుతాయి. ఆ శుభవేళ అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఏ చెట్టును కొట్టకుండా ఈ గది కట్టగలము? భోజనవేళ ఒంటరిగా మిగిలే బిడ్డ కూర్చోవడానికి వరండాలో అరుగు ఉన్నదా? మొదటిసారి బడికి వచ్చే పేద తల్లి బెరుకు లేకుండా దాటగల వాకిలి ఇదేనా? వాడిపట్టి పరిసరాలలో పాత ఇళ్లతో పాటు అరుగులు పోతున్నాయి. ఆ అరుగులమీద పెద్దలు చెప్పే కథలతో బ్రతికిన తెలుగు కూడా వాటితో పాటు సన్నగిల్లుతున్నది. తాతలు మనుమలతో తెలుగులో మాట్లాడుకొనే చోటు లేకుండా పాఠ్యపుస్తకం ఒక్కటే భాషను నిలుపజాలదు.

డెబ్బది ఐదేండ్లు నిండిన విద్యాలయానికి ఎత్తైన భవనంకంటె చల్లని అరుగు శోభ. గోడలు పెరగవచ్చు, అంతస్తులు రావచ్చు. పరులకోసం విడిచిన ఆ మూడడుగుల చోటు మాత్రం తరగకుండుగాక. అరుగు, నీడ, నీరు, తెరచిన వాకిలి — ఈ నాలుగూ ఉన్నచోట చదువు దానంతటదే నిలుస్తుంది, చదువుతో పాటు శాంతి కూడా.