నీరు పల్లమెరుగు

చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్తుంటే బస్సు కిటికీలోంచి భూమంతా బల్లపరుపుగానే కనపడుతుంది. నల్లరేగడి, పత్తి, మిరప, మళ్లీ పత్తి. అక్కడే పుట్టి పెరిగినా ఆ నేలకి ఎత్తుపల్లాలున్నాయని, ఒక డిజైన్ ఆఫీసులో ఆటోకాడ్ ముందు కూర్చునే దాకా నేను పట్టించుకోలేదు. మా పెదనాన్నకి మాత్రం ఎప్పుడూ తెలుసు. సాగర్ కుడికాలవ కింద చివరి భూముల్లో ఆయనకి మూడెకరాలుంది. అందులో ఎగువ ఎకరన్నరకి నీళ్లు ఎక్కవు. పైవాళ్లు తూము దగ్గర అడ్డం పెట్టుకుంటారని ఆయన అనుమానం. ఆ అనుమానంతోనే పక్క చేను వాళ్లతో పాతికేళ్లుగా మాటల్లేవు.

నా పని చెప్పడానికి తేలిక. సర్వే వాళ్లు చేలో తిరిగి తెచ్చిన పాయింట్లు నా దగ్గరికొస్తాయి. ఒక్కో పాయింటుకి మూడంకెలు: తూర్పు, ఉత్తరం, ఎత్తు. ఆ ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్క. 1909లో తేల్చిన ఆ మట్టానికి తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు ఏళ్ల తరబడి కొలిచారు. వాటిలో మద్రాసు, విశాఖపట్నం ఉన్నాయి. అంటే మా చేను ఎత్తు చెప్పే అంకె వెనక సముద్రం ఉంది.

చుక్కల నుంచి గీత ఎలా వస్తుంది? ఒకచోట ఎత్తు 42.60, ముప్పై మీటర్ల అవతల 43.80 అనుకోండి. మధ్యలో నేల ఒకే వాలుగా లేచిందనుకుంటే, 43.00 ఎత్తు మొదటి చుక్క నుంచి సరిగ్గా పది మీటర్ల దూరంలో ఉండాలి. అలా ప్రతి జంట మధ్యా 43.00 ఎక్కడ పడుతుందో గుర్తించి, ఆ గుర్తుల్ని కలిపితే కాంటూరు. ఇది కొత్త విద్య కాదు. 1774లో స్కాట్లండులోని షిహాలియన్ అనే కొండని కొలిచి, దాన్నిబట్టి భూమి బరువు తేల్చాలనుకున్నారు. లెక్క కట్టే పని చార్లెస్ హటన్ అనే లెక్కల మాస్టారి మీద పడింది. కాగితం నిండా వందల కొద్దీ ఎత్తులు, ఏ ఆకారమూ కనపడదు. సమానమైన ఎత్తుల్ని గీతతో కలిపి చూస్తే కొండ కనపడింది. నదుల లోతులకి డచ్చివాళ్లు అంతకుముందే ఇలాంటి గీతలు గీశారు గానీ, నేలని అలా చూసిన తొలి వాళ్లలో హటన్ ఒకడు.

ఇప్పుడు ఆ పని కంప్యూటరు క్షణంలో చేసేస్తుంది. చుక్కలన్నిటినీ త్రిభుజాలుగా అల్లుతుంది. ఏ మూడు చుక్కల్ని కలపాలనేదానికి 1934లో రష్యన్ గణితజ్ఞుడు బోరిస్ డెలానే ఒక నియమం చెప్పాడు: ఆ మూడింటి మీదుగా వృత్తం గీస్తే, లోపల ఇంకో చుక్క ఉండకూడదు. సన్నగా సాగిపోయిన త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి. అందమైన నియమమే. కానీ దానికి కాలవంటే ఏంటో, గట్టంటే ఏంటో తెలీదు.

మా వైపు చరిత్రంతా ఈ గీతల చరిత్రే అనిపిస్తుంది నాకు. 1832–33లో గుంటూరు జిల్లాని డొక్కల కరువు ఊడ్చేసింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకి, 1852లో, కెప్టెన్ ఓర్ చేతిమీదుగా బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట మొదలై 1855లో పూర్తయింది. ఆనకట్ట నీటిమట్టం కన్నా పల్లంగా ఉన్న తెనాలి, రేపల్లె మాగాణి అయ్యాయి. అంతకన్నా మెరకనున్న పల్నాడు, వినుకొండ వైపు నేలలు అదే జిల్లాలో ఉండి కూడా వానకోసం మొహం వాచి కూర్చున్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలవలకి నీళ్లొదిలింది. రెండు నీళ్లకీ మధ్య నూట పన్నెండేళ్లు. డబ్బూ రాజకీయమూ ఉన్నాయి నిజమే. కానీ వాటన్నిటికీ ముందున్న కారణం ఎత్తు.

కుడికాలవ 203 కిలోమీటర్లు. చాలా స్వల్పమైన వాలుతో, పల్లంలోకి జారిపోకుండా మెరకనే పట్టుకుని పోవాలది. నేల మీద నిజంగా గీసిన కాంటూరు లాంటిదన్నమాట. గీతకి దిగువనుంటే ఆయకట్టు, ఎగువనుంటే మెట్ట. పెళ్లి సంబంధాలు కూడా ఆ తేడాని బట్టే కుదిరేవి.

మూడేళ్ల క్రితం మా ఊరి పక్క మురుగు కాలవ పని మా ఆఫీసుకొచ్చింది. పాయింట్లు లోడు చేసి, అర మీటరు అంతరంతో కాంటూర్లు తీశాను. చూడ్డానికి చక్కగానే ఉన్నాయి. పండక్కి ఇంటికెళ్లినప్పుడు లాప్‌టాప్‌లో పెదనాన్నకి చూపించాను.

"ఏరా అబ్బాయ్, ఇందులో పంటకాలవ ఏది?"

"ఇదుగో పెదనాన్నా."

"ఇది కాలవా? వరసన నాలుగు గుంటలు తవ్వినట్టుందే. మధ్యలో గట్టు అడ్డం ఉంటే నీళ్లెట్టా పారతయ్?"

నిజమే. సర్వే వాళ్లు గట్టు మీదా కాలవ అడుగునా చుక్కలు తీశారు గానీ, ఇది గట్టంచు, ఇది అడుగు అని గీతలు కలపలేదు. త్రిభుజాలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కాలవ మీదుగా దూకేశాయి. అలాంటి చోట మనమే చెప్పాలి, ఈ అంచుని ఏ త్రిభుజమూ దాటకూడదని. వాటినే బ్రేక్‌లైన్లంటారు. ఆ డ్రాయింగు అలాగే పోయుంటే మురుగు కాలవ తప్పు పక్కన పడేది. మిరప మొదళ్లలో రెండు మూడు రోజులు నీళ్లు నిలబడితే తోట వడలిపోతుంది.

ఆ రాత్రి బ్రేక్‌లైన్లు వేసి మళ్లీ తీశాను. కాలవ కాలవలా వచ్చింది. దాంతోపాటు ఇంకోటి కూడా బయటపడింది. తూము దగ్గర నిండుగా పారినప్పటి నీటిమట్టం కన్నా పెదనాన్న ఎగువ ఎకరన్నర జానెడు మెరకనుంది. పైవాళ్లు ఏ అడ్డమూ పెట్టకపోయినా అక్కడికి నీళ్లు ఎక్కవు.

పొద్దున్నే చెప్పాను. ఆయన చాలాసేపు తెర వంకే చూశాడు.

"ఈ గీత సరైందేనా?"

"ఈసారి సరైందే పెదనాన్నా."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అనేవాడు మా నాయన," అన్నాడు. కండువా భుజానేసుకుని బయటికెళ్లాడు. పక్క చేను వాళ్లింటికే వెళ్లాడని మా పెద్దమ్మ సాయంత్రం చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.