పాటతో తెల్లవారిన బడి

1901 డిసెంబరులో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో బడి పెట్టినప్పుడు అక్కడున్నది గుప్పెడు మంది మగపిల్లలు. చదువు చెట్ల నీడనే. తెల్లవారుజామున పిల్లలు గుంపుగా పాడుతూ ఆశ్రమమంతా తిరిగి తోటివాళ్లను లేపేవారు.

ఠాగూర్ తన పాటలకు బాణీ కట్టినంత త్వరగానే మరిచిపోయేవారు. ఆ బాణీలను ఆయన అన్నగారి మనవడు దినేంద్రనాథ్ ఠాగూర్ పట్టుకుని, స్వరాలు రాసి, పిల్లలకు నేర్పేవారు. ఆయనే లేకపోతే ఎన్ని పాటలు గాలిలో కలిసిపోయేవో!

1908లో ఈ పిల్లల కోసమే పుట్టిన నాటకం ‘శారదోత్సవ్’. ఒక్క ఆడవేషమూ లేదు. శరత్కాలపు సెలవులని పిల్లలంతా ఏటి ఒడ్డున గంతులేస్తుంటే, ఉపనందుడనే కుర్రాడు మాత్రం చనిపోయిన గురువు అప్పు తీర్చడానికి కూర్చుని పుస్తకానికి నకలు రాస్తుంటాడు. సన్యాసి వేషంలో ఉన్న రాజూ, పిల్లలూ ఆ రాతలో తామూ చెయ్యేస్తారు. పని ఆటగా మారే ఈ ఘట్టంలోనే ఠాగూర్ చదువు గురించి అనుకున్నదంతా ఉంది.

మన వైపూ ఠాగూర్ పాట వినిపించింది. 1919లో మదనపల్లె బిసెంట్ కళాశాలలో ఠాగూర్ ‘జనగణమన’ పాడితే విద్యార్థులు గొంతు కలిపారు. అక్కడే ఐరిష్ సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ దానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాశారు.